మరక ఏదో, బండ ఏదో చూసి కలపండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్ శివార్లలో కొత్త ఫ్లాట్, బోరు నీళ్ళు, పాకే వయసులో పాప. ఫినాయిల్ వాసన మీకు పడదు. నేల మీద చెయ్యి పెట్టి అదే నోట్లో పెట్టుకునే పిల్ల ఉండగా ఆ డబ్బాలు వాడాలంటే భయం. అందుకని వీడియోల్లో చూసి వెనిగర్, వంటసోడా, నిమ్మరసం, ఉప్పు కలిపి ఒక స్ప్రే సీసా తయారు చేశారు. స్టవ్ వెనక జిడ్డు కదల్లేదు, కుళాయిల మీద తెల్లమచ్చలూ పోలేదు. ఇవి నిజంగా పనిచేస్తాయా, లేక అంతా ఉత్తదేనా అని అడిగారు.

పనిచేస్తాయి. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనదాన్ని. మా ఇంట్లో ఎన్నో ఏళ్ళుగా ఇవే వాడుతున్నాం, మహిళా సంఘాల వాళ్ళు పిలిస్తే వెళ్ళి నేర్పుతుంటాను కూడా. ఎక్కడికి వెళ్ళినా మీ ప్రశ్నే ఎదురవుతుంది: మంచి సరుకులన్నీ వేశాం కదా, ఎందుకు పనిచేయలేదు? అన్నీ కలిపి వేశారు కాబట్టే పనిచేయలేదు.

ఇంట్లో మురికి ఒకే రకంగా ఉండదు. వంటింట్లో నూనె ఆవిరై గోడకు పట్టే జిడ్డు ఒకటి. ఉప్పునీళ్ళు ఆరిపోయినచోట మిగిలే తెల్లపొర ఇంకొకటి. దుమ్ము, చెమట, కూరల మరకలు మూడోది. జిడ్డును విడగొట్టేది క్షారం, అంటే సోడాలు, కట్టెల బూడిద. తెల్లపొరను కరిగించేది ఆమ్లం, అంటే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్ పొడి), వెనిగర్, చింతపండు. మూడోదానికి నురగనిచ్చేది ఏదైనా కావాలి, మనకు కుంకుడుకాయ ఉంది. క్షారాన్నీ ఆమ్లాన్నీ ఒకే సీసాలో పోస్తే ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. బజారులో దొరికే 5 శాతం వెనిగర్ 100 మి.లీ. తీసుకుంటే అందులో ఎసిటిక్ యాసిడ్ సుమారు 5 గ్రాములు. దాని పస మొత్తం పోగొట్టడానికి 7 గ్రాముల వంటసోడా చాలు, అంటే ఒకటిన్నర చెంచాలు. మీకు కనిపించిన ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవడమే. పొంగు అణిగాక సీసాలో మిగిలింది సోడియం ఎసిటేట్ కరిగిన నీళ్ళు. దాంతో తుడిచినా మామూలు నీళ్ళతో తుడిచినా పెద్ద తేడా ఉండదు. సింకు పైపులో పూడిక పోవడానికి ఈ రెండూ పోయమని చెప్తుంటారు, అక్కడా అంతే. ఆ పొంగుకు పూడికను తోసేంత బలం లేదు. రబ్బరు పంపుతో నాలుగుసార్లు గట్టిగా లాగితే పని అవుతుంది.

మీ ఇంటికి ముందుగా చేసుకోవాల్సింది కుంకుడు రసం. దీని గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే బోరు నీళ్ళ ఇంట్లో దీని విలువ వేరు. మామూలు సబ్బు ఉప్పునీళ్ళలో సరిగ్గా నురగ రాదు. నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియంతో కలిసి విరిగిపోయి తెల్లటి తెట్టులా బకెట్టు అంచుకీ, బాత్రూం టైల్సుకీ పట్టుకుంటుంది. కుంకుడు తొక్కలో నురగనిచ్చే సపోనిన్లు అనే పదార్థాలకు ఆ బాధ లేదు. కాల్షియంతో కలిసి గడ్డకట్టవు. అందుకే ఉప్పునీళ్ళ ఊళ్ళలో కూడా కుంకుడు రసంతో తలంటుకుంటే జుట్టు జిగటగా మిగలదు.

కాయలు కొనేటప్పుడు ఆ ఏడాది కాపు అడిగి తీసుకోండి. తొక్క ముడతలు పడి, ఎర్రటి తేనె రంగులో, చేతికి కొంచెం బంకగా తగలాలి. విశాఖపట్నం కేంద్రంగా 1956 నుంచి నడుస్తున్న గిరిజన సహకార సంస్థ మన్యంలో సేకరించే సరుకుల్లో కుంకుడు, శీకాయ కూడా ఉంటాయి. ఆ దుకాణం మీకు దగ్గరలో ఉంటే అక్కడ కొనండి, కాయ బాగుంటుంది, డబ్బు ఏరినవాళ్ళకు చేరుతుంది.

కాయలు కొట్టి గింజలు తీసేయండి, గింజలో మనకు పనికొచ్చేది లేదు. తొక్కలు 100 గ్రాములు, నీళ్ళు ఒక లీటరు, రాత్రంతా నానబెట్టండి. పొద్దున సన్నటి మంట మీద 20 నిమిషాలు ఉడికించండి. పెద్ద గిన్నె తీసుకోవాలి, పాలలాగే ఒక్కసారిగా పొంగుతుంది. చల్లారాక చేత్తో బాగా పిసికి పాత నూలు గుడ్డలో వడకట్టండి. పిప్పి పారేయకండి, ఇంకో అర లీటరు నీళ్ళు పోసి మరోసారి ఉడికిస్తే నేల తుడవడానికి సరిపోయే పల్చటి రసం వస్తుంది. చిక్కటి రసంలో లీటరుకు అర చెంచా నిమ్మ ఉప్పు కలిపితే కొంచెం ఎక్కువ రోజులు ఆగుతుంది. అయినా బయట పెడితే మూడు నాలుగు రోజులకే పులుస్తుంది. ఫ్రిజ్‌లో అయితే వారం, పది రోజులు. నేను ఐస్ ట్రేలో పోసి గడ్డ కట్టించి, కావలసినప్పుడు రెండేసి ముక్కలు తీసి వాడుకుంటాను.

గిన్నెలకు ఈ రసాన్ని నేరుగా పీచుకు తీసుకుని తోమవచ్చు. డిష్‌వాష్ జెల్‌లా పొంగిపొర్లే నురగ రాదు. నురగ తక్కువైతే శుభ్రం తక్కువని అనుకోకండి, ఆ రెంటికీ అంత సంబంధం లేదు. పీచు కూడా ప్లాస్టిక్‌ది ఎందుకు, ముదిరి ఎండిన నేతి బీరకాయ దొరికితే దాన్ని మించింది లేదు, లేకపోతే కొబ్బరి పీచు. ఒక్కటి గుర్తుంచుకోండి, కుంకుడు చేదు. ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలు, చెక్క గరిటెలు రెండుసార్లు నీళ్ళతో కడగకపోతే ఆ చేదు అన్నానికి తగులుతుంది. నేల తుడిచే బకెట్టులో ఒక గరిటెడు చిక్కటి రసం చాలు. వాసన కోసం రెండు చుక్కలు నిమ్మగడ్డి నూనె వేసుకోవాలనిపిస్తే ముందు రసంలో కలిపి ఆ తర్వాత నీళ్ళలో పోయండి. నేరుగా నీళ్ళలో వేస్తే నూనె పైకి తేలి ఒకేచోట మరకలా అంటుకుంటుంది.

పట్టుచీరకు, ఉన్ని దుస్తులకు కుంకుడు రసం నూటికి నూరుపాళ్ళు సరైనది. పట్టు, ఉన్ని ప్రొటీన్ దారాలు, వాటికి క్షారం పడదు. బట్టల సోడా తగిలితే మెరుపు పోతుంది. కుంకుడు రసం కొద్దిగా ఆమ్ల గుణం ఉన్నది కాబట్టి వాటికి హాని లేదు. కానీ రోజువారీ తెల్ల బట్టలన్నీ మెషిన్‌లో కుంకుడు కాయలతోనే ఉతికేస్తామంటే నేను ఒప్పుకోను. స్కూలు చొక్కా కాలరు మురికి దానికి లొంగదు, పైగా నాలుగు ఉతుకులు పడేసరికి తెలుపు మీద గోధుమ ఛాయ వస్తుంది. పాప నూలు గుడ్డలకు, దుప్పట్లకు మంచి సబ్బుపొడి తక్కువగా వేసి, దాంతోపాటు ఒక చెంచా బట్టల సోడా వేయండి. సోడా మీ బోరు నీళ్ళలోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, సబ్బుపొడి తక్కువ సరిపోతుంది. ఆఖరి జాడింపు మాత్రం రెండుసార్లు ఉండాలి. ఇంట్లో చేపల తొట్టి ఉంటే కుంకుడు రసం దాని దరిదాపులకు పోనివ్వకండి, సపోనిన్లు చేపలకు విషం.

ఇక స్టవ్ వెనక జిడ్డు. దీనికి తినే సోడా, అంటే వంటసోడా చాలదు, బట్టల సోడా కావాలి. కొన్ని కిరాణా కొట్లలో చాకలి సోడా అంటేనే ఇస్తారు. క్షార గుణం ఎంతో చెప్పే పీహెచ్ అంకె తినే సోడా నీళ్ళకు 8 దాటి కొంచెమే ఉంటుంది, బట్టల సోడాది 11 వరకు పోతుంది. జిడ్డు మీద ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. బట్టల సోడా దొరకని చోట ఉంటే తినే సోడానే ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచండి, నీటి ఆవిరీ కార్బన్ డయాక్సైడూ పోయి మిగిలేది బట్టల సోడాయే. అమెరికాలో ఉన్న మా అమ్మాయి ఇలాగే చేసుకుంటుంది.

లీటరు వేడినీళ్ళలో రెండు పెద్ద చెంచాల బట్టల సోడా కరిగించండి. చేతికి రబ్బరు తొడుగులు వేసుకోవాలి, చర్మంలోని నూనెను కూడా ఇది తీసేస్తుంది. గుడ్డను ముంచి పిండి, జిడ్డు టైల్సు మీద అలాగే పరిచి పది నిమిషాలు వదిలేయండి. రుద్దడం కన్నా ఈ ఆగడమే ముఖ్యం. తర్వాత తుడిచి, మామూలు నీళ్ళతో ఇంకోసారి తుడవండి, లేకపోతే తెల్లగా ఆరుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కలు ప్లాస్టిక్‌వి అయితే ఇదే నీళ్ళలో నానబెట్టవచ్చు. పెయింటు గోడ మీద, పాలిష్ పెట్టిన చెక్క మీద వద్దు.

అల్యూమినియం మీద అసలే వద్దు. క్షారం ఆ లోహాన్ని తినేస్తుంది, నల్లబడుతుంది. చిమ్నీ ఫిల్టర్ గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు కాబట్టి చెప్తున్నాను: దళసరి రేకుల్లా ఉండే ఫిల్టర్ సాధారణంగా స్టీలు, దానికి ఈ సోడా నీళ్ళు బాగా పనిచేస్తాయి. పొరలు పొరలుగా జల్లెడలా ఉండేది చాలావాటిలో అల్యూమినియం. దాన్ని వేడినీళ్ళలో గిన్నెల సబ్బు వేసి నానబెట్టడం తప్ప వేరే దారి లేదు. అల్యూమినియం కుక్కరు లోపల నల్లబడితే దానికి ఆమ్లం మందు. నల్లమచ్చ మునిగేదాకా నీళ్ళు పోసి, పిండేసిన నిమ్మ డిప్పలు గానీ, చింతపండు పిప్పి గానీ వేసి పది నిమిషాలు మరిగిస్తే తెల్లబడుతుంది.

నూనె ఒలికినప్పుడు నీళ్ళు పోయకండి. ముందు శనగపిండో, పాడైన బియ్యప్పిండో చల్లితే నూనెను పీల్చుకుంటుంది, కాగితంతో ఎత్తేయవచ్చు. దీపపు కుందులకు కూడా మొదట ఇదే చేయాలి. మన అమ్మమ్మలు కట్టెల బూడిదతో గిన్నెలు తోమడంలో ఉన్నది కూడా ఈ రహస్యమే. బూడిద జిడ్డును పీలుస్తుంది, అందులోని పొటాషియం కార్బనేట్ నూనెను విడగొడుతుంది, పొడి కాబట్టి రాపిడి కూడా ఉంటుంది. ఊరి నుంచి కట్టెల బూడిద ఎవరైనా తెచ్చిస్తే జల్లించి దాచుకోండి. బొగ్గు బూడిద మాత్రం వద్దు.

తెల్లమచ్చల సంగతికి వస్తాను. బోరు నీళ్ళు ఆరినచోట మిగిలేది ప్రధానంగా కాల్షియం కార్బనేట్. దాన్ని ఎంత రుద్దినా కుళాయి మీద గీతలు పడటమే తప్ప అది పోదు, ఆమ్లంలో మాత్రం ఇట్టే కరిగిపోతుంది. దీనికి వెనిగర్ కన్నా నిమ్మ ఉప్పును నేను ఇష్టపడతాను. ఘాటు వాసన ఉండదు, కావలసినంత చిక్కగా కలుపుకోవచ్చు, పొడిగా ఉన్నంతకాలం పాడవదు. పావు లీటరు గోరువెచ్చటి నీళ్ళలో ఒక పెద్ద చెంచా వేసి, పాత గుడ్డ తడిపి కుళాయికి చుట్టండి. ఇరవై నిమిషాల తర్వాత తీసి తుడిచి కడిగేయండి. మొండిగా ఉంటే మళ్ళీ చుట్టండి కానీ రాత్రంతా వదిలేయకండి, పైన వేసిన క్రోమ్ పూత మసకబారుతుంది. షవర్ మూత విప్పి ఇందులోనే వేస్తే రంధ్రాలు తెరుచుకుంటాయి. కరెంటు కెటిల్‌లో లీటరు నీళ్ళకు ఒక చెంచా వేసి మరిగించి, అరగంట ఆగి పారబోసి, మంచినీళ్ళు ఒకసారి మరిగించి పారబోయండి. అద్దాలకు, కిటికీలకు ఇదే ద్రావణం బాగా పల్చగా సరిపోతుంది, అయితే కలపడానికి బోరు నీళ్ళు వాడితే మళ్ళీ చారలే. ఏసీ పైపు నుంచి కారే నీళ్ళు పట్టండి. గాలిలోని తేమ చల్లబడి కారిన నీళ్ళు అవి, ఉప్పు దాదాపు ఉండదు, అద్దం మచ్చ లేకుండా ఆరుతుంది. ఆర్‌ఓ నుంచి బయటికి పోయే నీళ్ళు దీనికి పనికిరావు, అందులో ఉప్పు బోరు నీళ్ళకన్నా ఎక్కువ.

మా దగ్గర నేర్చుకున్నవాళ్ళకు నేను పదేపదే చెప్పేది ఇప్పుడు చెప్పబోయేదే. కుళాయి మీద తెల్లపొర ఏ పదార్థమో, మన ఇళ్ళలోని చాలా బండలు కూడా అదే పదార్థం. తాండూరు బండ, షాబాద్ బండ, కడప నల్లబండ, బేతంచర్ల బండ, ఇవన్నీ సున్నపురాళ్ళు. పాలరాయి కూడా కాల్షియం కార్బనేటే. తెల్లపొరను కరిగించిన నిమ్మ ఉప్పు బండను మాత్రం వదిలేస్తుందా? మీరు వంటగట్టు మీద నిమ్మచెక్కతో రుద్దితే ఆ రోజు మెరిసినట్టే కనిపిస్తుంది, నాలుగు రోజులకు పాలిష్ పోయి గరుకుగా, మసకగా తేలుతుంది. అలా పోయిన పాలిష్ మళ్ళీ మిషను పెట్టి పట్టిస్తే తప్ప రాదు. వెనిగర్, నిమ్మరసం, చింతపండు నీళ్ళు, తొక్కలు పులియబెట్టి చేసే బయో ఎంజైమ్, ఏదైనా సరే, ఈ బండల మీద వద్దు. వాటికి కుంకుడు రసం పల్చగా కలిపి తుడవడం, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టడం, అంతే. గ్రానైట్‌కు, విట్రిఫైడ్ టైల్సుకు ఆమ్లం కాసేపు తగిలినా ఫరవాలేదు. టైల్సు మధ్య అతుకుల్లో ఉన్నది మాత్రం సిమెంటు, అక్కడ నిలవనివ్వకూడదు. శుక్రవారం నేల తుడిచే నీళ్ళలో కల్లుప్పు వేసే అలవాటు మీకుంటే చిటికెడుతో సరిపెట్టండి. గుప్పెడు వేస్తే నేల మీద పొర కడుతుంది, ఇనుప కుర్చీ కాళ్ళు తుప్పు పడతాయి.

పూజ సామాను గురించి ఒక్క మాట. ఇత్తడికీ రాగికీ చింతపండు, ఉప్పు మన పాత పద్ధతే, దానికి మించింది నాకు కనపడలేదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం పైన పట్టిన చిలుమును కరిగిస్తుంది. కానీ కుందికి నూనె ఉండగా చింతపండు పూస్తే వృథా, జిడ్డుపొర దాటి ఆమ్లం లోపలికి పోదు. ముందు శనగపిండి, వేడినీళ్ళు, తర్వాత చింతపండు. రెండు మూడు నిమిషాల్లో కడిగేయాలి. ఇత్తడిని గంటలకొద్దీ చింతపండులో ఉంచితే ఎర్రగా రాగిరంగు తేలుతుంది. కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడవకపోతే మర్నాటికే మచ్చలు పడతాయి. కళాయి పూసిన గిన్నెల లోపల గరుకు పొడులు వాడవద్దు. వెండికి విభూతితో మెత్తగా రుద్దడం చాలు. మరీ నల్లబడితే ఒక గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, వెండి దానికి తగిలేలా పెట్టి, వేడినీళ్ళు పోసి, లీటరుకు ఒక పెద్ద చెంచా వంటసోడా వేయండి. నలుపు అంటే వెండి గంధకంతో కలిసి ఏర్పడిన పొర, ఆ గంధకాన్ని అల్యూమినియం లాగేసుకుంటుంది, వెండి అరగదు. రాళ్ళు పొదిగిన నగలకు ఇది చేయకండి. ముత్యాలకు అసలు ఏ ద్రావణమూ వద్దు. ముత్యం కూడా కాల్షియం కార్బనేటే, నిమ్మ తగిలితే మెరుపు పోతుంది. తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి.

బయో ఎంజైమ్ చేయమంటారా అని అడిగారు. థాయిలాండ్‌లో రోసుకాన్ పూంపన్వాంగ్ అనే ఆవిడ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. బెల్లం ఒక పాలు, నిమ్మ, బత్తాయి, నారింజ తొక్కలు మూడు పాళ్ళు, నీళ్ళు పది పాళ్ళు. మూడు నెలలు పులియబెట్టాలి. చేయండి, తప్పేమీ లేదు, పారేసే తొక్కలు పనికొస్తాయి, వాసన బాగుంటుంది. ప్లాస్టిక్ డబ్బాలోనే పెట్టండి, మూడొంతులకు మించి నింపకండి, మొదటి నెల రోజూ ఒకసారి మూత వదులు చేసి గ్యాస్ పోనివ్వండి. గాజు సీసాలో బిగించి పెడితే పగిలి ముక్కలు ఎగురుతాయి. అయితే దాని చుట్టూ చెప్పే మాటల్ని నేను నమ్మను. గాలిని శుద్ధి చేస్తుందనీ, ఓజోన్ పొరను కాపాడుతుందనీ చెప్పేదాంట్లో పస లేదు. అది ప్రధానంగా పులిసిన ఆమ్లం, అంటే సువాసన ఉన్న ఇంటి వెనిగర్. టైల్స్ నేలకు అర బకెట్టు నీళ్ళలో రెండు మూడు మూతలు వేసుకోవచ్చు. దాన్ని ఎక్కడ వాడకూడదో పైన బండల దగ్గర చెప్పాను.

పాప ఉన్న ఇల్లు కాబట్టి క్రిముల గురించి దాచకుండా చెప్పాలి. నేను చెప్పినవన్నీ మురికిని తీస్తాయి. మురికితోపాటు చాలా క్రిములు కొట్టుకుపోతాయి, రోజువారీకి అది సరిపోతుంది. కానీ ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు, పచ్చిమాంసం రక్తం గట్టు మీద పడ్డప్పుడు కుంకుడు రసం, వెనిగర్, వేపాకు నీళ్ళు నమ్ముకుని కూర్చోకూడదు. అప్పుడు క్లోరిన్ కావాలి. తాజా బ్లీచింగ్ పౌడర్‌లో సుమారు 30 శాతం క్లోరిన్ ఉంటుంది. లీటరు నీళ్ళకు మూడు నాలుగు గ్రాములు కలిపి, తేరనిచ్చి, పైతేట వాడితే 0.1 శాతం ద్రావణం అవుతుంది. ముందు మురికిని తుడిచేసి, ఈ నీళ్ళతో తడిపి పది నిమిషాలు ఉంచి, మంచినీళ్ళతో తుడవండి. కిటికీలు తెరిచి ఉండాలి. ఏ రోజుకారోజు కలుపుకోవాలి, నిలవ ఉంటే పస పోతుంది.

బ్లీచింగ్ పౌడర్ వాడిన చోట ఆ పూట నిమ్మ ఉప్పు, వెనిగర్, బజారు టాయిలెట్ క్లీనర్ ఏదీ పోయకండి. చాలా టాయిలెట్ క్లీనర్లలో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. ఆమ్లం ఏదైనా బ్లీచింగ్‌తో కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసిన బాత్రూంలో అది ఊపిరితిత్తులను కాలుస్తుంది. మీ పనిమనిషికి కూడా ఈ మాట విడిగా, నెమ్మదిగా చెప్పండి. ఆ గదిలో తలుపేసుకుని కడిగేది ఆమే.

సహజమైనది అనగానే పాపకు హానిలేనిది అని అర్థం చేసుకోకండి. కర్పూరం పిల్లలు మింగితే ఫిట్స్ వస్తాయి. నీలగిరి తైలం కొద్దిగా కడుపులోకి పోయినా ప్రమాదమే. వెలిగారం కలిపితే బట్టలు తెల్లగా వస్తాయని రాస్తుంటారు, అది సంతాన సామర్థ్యానికి హాని చేసే పదార్థాల జాబితాలో యూరప్ దేశాలు చేర్చినది. పాకే పిల్ల ఉన్న ఇంట్లో దాన్ని తేవద్దు. బట్టల బీరువాలో కలరా ఉండలు ఉంటే తీసేయండి, పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పసివాళ్ళకు ఆ ఉండలు పెట్టిన బట్టలు తొడిగినా రక్తకణాలు విరిగిపోయే ప్రమాదం ఉంది. ఎండిన వేపాకు పల్చటి గుడ్డలో కట్టి పెట్టుకోండి, నెలకోసారి మార్చండి. బట్టల సోడా చూడటానికి పంచదారలా ఉంటుంది, నోట్లో పడితే కాలుతుంది, అందుకని పై అరలో, తాళం ఉన్నచోట ఉండాలి.

ఏ ద్రావణాన్నీ కూల్‌డ్రింక్ సీసాలోనో, మంచినీళ్ళ సీసాలోనో పోయకండి. కుంకుడు రసం చూస్తే కాఫీ డికాక్షన్‌లా, బయో ఎంజైమ్ చూస్తే పళ్ళరసంలా ఉంటుంది, పెద్దవాళ్ళే దాహానికి ఎత్తి తాగేస్తారు. సీసా మీద తెలుగులో పెద్ద అక్షరాలతో పేరు, కలిపిన తేదీ రాసి అంటించండి. పొరపాటున పాప మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయవద్దు. నోరు తుడిచి, ఆ సీసా చేత పట్టుకుని, 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్ళాలి.

మీ వంటగట్టు నల్లరాయి అని మాత్రమే రాశారు. అది నల్ల గ్రానైటో కడప బండో తేలితే తప్ప దాని మీద ఏం వాడాలో నేను చెప్పలేను. స్టవ్ కింద, ఎవరికీ కనపడని మూలలో ఒక చుక్క నిమ్మరసం వేసి ఐదు నిమిషాలు ఆగి తుడవండి. వెలుతురు పడేలా వంగి చూస్తే ఆ చుక్క పడిన చోట మెరుపు తగ్గి మచ్చలా కనిపిస్తే సున్నపురాయి, ఏ మార్పూ లేకపోతే గ్రానైట్. చూసి రాయండి. చిమ్నీ ఫిల్టర్ ఫొటో కూడా పెడితే స్టీలో అల్యూమినియమో అదీ చెప్తాను.